వీఎం ఇమేజ్ ఇంపోర్ట్ చేసే ముందు: ఏ చెక్‌సమ్ చాలు, ఎక్కడ చాలదు

అమీర్‌పేటలో కోర్సు చేసే రోజుల్లో మా రూమ్‌లో ఇంటర్నెట్ అంటే నలుగురికీ కలిపి ఒక్క డాంగిల్. ల్యాబ్‌లో వాడే వీఎంలన్నీ (కంప్యూటర్ లోపల నడిచే వర్చువల్ కంప్యూటర్లు) పెన్‌డ్రైవ్‌ల మీదే చేతులు మారేవి. ఒకసారి డేటాబేస్ ప్రాక్టీసు కోసం 12 జీబీ వీడీఐ ఫైలు, అంటే వర్చువల్‌బాక్స్ అనే వీఎం సాఫ్ట్‌వేర్ వాడే డిస్క్ ఇమేజ్, కావాల్సి వచ్చింది. పెన్‌డ్రైవేమో ఫ్యాట్32. అందులో 4 జీబీకి మించిన ఫైలు పట్టదు. ఫ్రెండు సెవెన్‌జిప్‌తో దాన్ని ముక్కలు చేసి ఇచ్చాడు, నేను రూమ్‌కొచ్చి కలిపాను. సైజు బైటుతో సహా సరిపోయింది. వీఎం బూట్ కూడా అయింది. మూడో రోజు డేటాబేస్ ఒక టేబుల్ తెరవనంది. ఆ సాయంత్రానికి లాగిన్ స్క్రీన్ కూడా రాలేదు. తీరా చూస్తే రెండో ముక్క అంతకు ముందు వారంది. పెన్‌డ్రైవ్‌లో అదే పేరుతో పాతది ఉండిపోయింది, కాపీ చేసేటప్పుడు అడిగిన ప్రశ్నకి ఎవరో ‘స్కిప్’ నొక్కారు.

చివరిది తప్ప ముక్కలన్నీ ఒకే సైజులో ఉంటాయి. అందుకే పాతది కలిసినా మొత్తం సైజు మారలేదు. ‘సైజు సరిపోయింది కదా’ అనుకోవడం అక్కడే దెబ్బతీసింది. చెక్‌సమ్ అంటే ఫైలు మొత్తం చదివి లెక్కకట్టే, అక్షరాలూ అంకెలతో రాసే చిన్న సంఖ్య; ఫైలులో ఏదైనా మారితే అదీ మారాలి. వీడీఐలో లోపలి డేటాని సరిచూసే చెక్‌సమ్ ఏదీ ఉండదు కాబట్టి వర్చువల్‌బాక్స్‌కి అనుమానం రావడానికి కారణమే లేదు. మామూలు హార్డ్‌డిస్క్ సెకనుకి 100 ఎంబీ చదివినా 12 జీబీకి రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు మిగుల్చుకుందామని చూసి మూడు రోజుల పని పోగొట్టుకున్నాం.

అప్పటి నుంచి ఇమేజ్ ఎవరిచ్చినా చెక్‌సమ్ చూడకుండా ఇంపోర్ట్ చేయను. అయితే ‘ఏ చెక్‌సమ్ వాడాలి’ అని ఎవరైనా అడిగితే ఎండీ5 మంచిదా షా-256 మంచిదా అనే దగ్గర మొదలుపెట్టను. ముందు రెండు సంగతులు తేల్చుకోమంటాను. మీకు దేని భయం? దారిలో ఫైలు పాడవుతుందనా, ఎవరైనా కావాలని మార్చి పెడతారనా? రెండోది, మీరు పోల్చి చూడబోయే ఆ సంఖ్య మీకు ఎక్కడి నుంచి వచ్చింది? ఈ రెండింటికీ జవాబుంటే మిగతా ఎంపిక దాదాపు దానంతటదే తేలిపోతుంది.

పేర్లు, పొడవులు, ఏది దేనికి

చెక్‌సమ్‌ని చూడగానే అది ఏ రకమో అక్షరాల లెక్కని బట్టి చెప్పొచ్చు. 8 అక్షరాలుంటే సీఆర్‌సీ32. 32 ఉంటే ఎండీ5. 40 అయితే షా-1. 64 అయితే దాదాపు ఎప్పుడూ షా-256. 128 ఉంటే సాధారణంగా షా-512. ‘నా చెక్‌సమ్ మ్యాచ్ అవ్వడం లేదు’ అంటూ వచ్చే ఫోన్లలో చాలా వాటికి కారణం ఇదే: సైట్‌లో ఉన్నది 64 అక్షరాలది, వీళ్లు తీసింది 40 అక్షరాలది. దానికి టూల్స్ తప్పు కూడా ఉంది, కాస్త ఆగి చెబుతాను.

సీఆర్‌సీ32 జిప్, జీజిప్ ఫైళ్లు తమ లోపల తాము వాడుకునేది. మొత్తం ఉన్నవే సుమారు 430 కోట్ల విలువలు. తీగలో వచ్చే చిన్న పొరపాటు పట్టుకోవడానికి పుట్టింది, ఆ పని బాగానే చేస్తుంది. కావాలని మార్చిన ఫైలుకి మాత్రం అదే సీఆర్‌సీ వచ్చేలా చేయడం చిటికెలో పని. వీఎం ఇమేజ్‌కి దీన్ని ఎంచుకోవద్దు.

ఎండీ5 సంగతి వేరు, దీని మీద అపోహలు రెండు వైపులా ఉన్నాయి. రాన్ రివెస్ట్ రూపొందించిన ఈ పద్ధతి 1992లో ప్రచురితమైంది. 2004లో షియావోయున్ వాంగ్ బృందం ఒకే ఎండీ5 వచ్చే రెండు వేర్వేరు డేటాలను తయారు చేసి చూపించింది. 2012లో బయటపడ్డ ఫ్లేమ్ అనే మాల్వేర్ ఇదే బలహీనతను వాడుకుని మైక్రోసాఫ్ట్ సంతకం ఉన్నట్టు కనిపించే దొంగ సర్టిఫికెట్‌తో తిరిగింది. కాబట్టి భద్రత కోసం ఎండీ5 పనికిరాదు, అందులో వాదన లేదు. కానీ ‘ఎండీ5 విరిగిపోయింది, దాంతో చూసినా చూడకపోయినా ఒకటే’ అనేవాళ్లతో నేను ఒప్పుకోను. ఇప్పటివరకు సాధ్యమైంది ఒకే మనిషి కూర్చుని రెండు ఫైళ్లనీ తనే తయారు చేసుకోవడం. ఇంకెవరో ఎప్పుడో విడుదల చేసిన ఇమేజ్‌కి ఉన్న ఎండీ5నే తెచ్చుకునే మరో ఫైలు చేయడం ఇప్పటికీ ఆచరణలో లేదు. నా పెన్‌డ్రైవ్ ముక్కల గొడవలాంటిది పట్టుకోవడానికి ఎండీ5 నిక్షేపంగా చాలు. పాత అప్లయన్స్‌కి (కంపెనీ సిద్ధం చేసి ఇచ్చే వీఎం) కంపెనీవాళ్లు ఎండీ5 ఒక్కటే ఇచ్చి ఉంటే దాన్నే చూడండి, అసలు చూడకపోవడం కంటే వెయ్యి రెట్లు నయం. ‘ఫైలు సరిగ్గా దిగింది’ అన్నంత వరకే దాన్ని నమ్మండి.

షా-1 కూడా ఆ బాటలోనే ఉంది. 2017 ఫిబ్రవరిలో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధకులు ఒకే షా-1 ఉన్న రెండు పీడీఎఫ్‌లు బయటపెట్టారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2030 చివరికల్లా దీన్ని పూర్తిగా మానేయమని 2022 డిసెంబరులో చెప్పింది. కొత్తగా మీరు ఎవరికైనా ఇమేజ్ ఇస్తూ షా-1 రాసి ఇవ్వకండి. కానీ ఓవీఏ ఫైళ్లలో (వీఎం మొత్తాన్ని ఒకే మూటగా కట్టినవి) ఇది ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. ఆ కథ కాస్త తర్వాత చెబుతాను.

షా-256, షా-512ల మధ్య ఏది అని తల బద్దలు కొట్టుకోవద్దు. రెండూ షా-2 కుటుంబానివే, రెండూ గట్టివే. వేగం మీద చర్చలు చాలా చూశాను. షా లెక్కల కోసం ప్రత్యేక ఇన్‌స్ట్రక్షన్లు లేని పాత 64-బిట్ ప్రాసెసర్ల మీద షా-512 కాస్త ముందుంటుంది. 2017 నుంచి వచ్చిన ఏఎండీ రైజెన్ ప్రాసెసర్ల లాంటి వాటిలో షా-256 కోసం హార్డ్‌వేర్ సాయం ఉంది కాబట్టి అక్కడ అదే ముందు. నిజానికి 20 జీబీ ఇమేజ్‌ని హార్డ్‌డిస్క్ నుంచో పెన్‌డ్రైవ్ నుంచో చదువుతుంటే ఆలస్యం డిస్క్‌దే, లెక్కది కాదు. ఇమేజ్ ఇచ్చినవాళ్లు ఏది ప్రకటిస్తే అదే వాడండి. ఉబుంటు క్లౌడ్ ఇమేజ్‌ల పక్కన షా-256 ఫైలు ఉంటుంది, డెబియన్ క్లౌడ్ ఇమేజ్‌ల పక్కన షా-512 ఫైలు. మీరే ఇచ్చేవాళ్లయితే షా-256 ఇవ్వండి. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండానే చూసుకోవచ్చు.

2020లో వచ్చిన బ్లేక్3 నిజంగా వేగమైంది, ప్రాసెసర్ కోర్లన్నీ వాడుకుంటుంది. మీ సొంత బ్యాకప్‌ల మధ్య రోజూ వందల జీబీ పోల్చుకునే పనైతే హాయిగా వాడుకోండి. ఇమేజ్ ఇచ్చేవాళ్లు దాన్ని ప్రకటించడం మాత్రం అరుదు.

సంఖ్య ఎక్కడి నుంచి వచ్చింది

2016 ఫిబ్రవరి 20న లైనక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ సైట్‌లోకి ఎవరో చొరబడ్డారు. 17.3 సినమన్ ఎడిషన్ డౌన్‌లోడ్ లింకుని బల్గేరియాలోని సర్వర్‌కి తిప్పి, సునామీ అనే బ్యాక్‌డోర్ (దొంగదారి) కలిపిన ఐఎస్ఓ, అంటే ఇన్‌స్టాల్ చేసే డిస్క్ ఇమేజ్, పెట్టారు. సైట్ చేతిలో ఉంది కాబట్టి పేజీలోని చెక్‌సమ్‌ని కూడా దొంగ ఫైలుకి సరిపోయేలా మార్చారు. ఆ రోజు ఆ పేజీ చూసి శ్రద్ధగా చెక్‌సమ్ పోల్చుకున్నవాళ్లకి ‘మ్యాచ్ అయింది’ అనే వచ్చి ఉంటుంది. అక్కడ ఎండీ5 బదులు షా-512 ఉన్నా ఫలితం మారేది కాదు. ఫైలు, దాని సంఖ్య ఒకే ఇంట్లో ఉంటే దొంగకి రెండూ దొరుకుతాయి.

అందుకే నా దృష్టిలో ఎంపిక ఇలా ఉంటుంది. ఫైలు మిర్రర్ (అవే ఫైళ్ల నకళ్లు పెట్టిన ఇంకో సర్వర్) నుంచి దింపుకుంటే చెక్‌సమ్‌ని ఆ మిర్రర్ నుంచి కాకుండా ప్రాజెక్టు అసలు సైట్ నుంచి, హెచ్‌టీటీపీఎస్ మీద తెచ్చుకోండి. మిర్రర్ పాడైనా, మిర్రర్‌ని ఎవరైనా మార్చినా ఇది పట్టిస్తుంది. అదనపు కష్టం ఒక ట్యాబ్ తెరవడమే. ఇంట్లో నేర్చుకోవడానికి, ల్యాబ్‌లో వాడటానికి ఇంతకు మించి అక్కర్లేదని నా అభిప్రాయం.

ఆఫీసు నెట్‌వర్క్‌లో పెట్టే వీఎం అయితే, మరీ ముఖ్యంగా ఒక ఇమేజ్ నుంచి వంద వీఎంలు పుట్టించే టెంప్లేట్ అయితే, సంతకం కూడా చూడాలి. ఉబుంటు, కాలి లైనక్స్ లాంటివాళ్లు చెక్‌సమ్‌ల ఫైలుకి పక్కనే జీపీజీ అనే టూల్‌తో పెట్టిన డిజిటల్ సంతకం ఫైలు ఇస్తారు. ఫెడోరా అయితే చెక్‌సమ్ ఫైలులోపలే సంతకం పెడుతుంది. సైట్‌లో చొరబడినవాడు సంఖ్యని మార్చగలడు కానీ ప్రైవేట్ కీ (ప్రాజెక్టువాళ్లు దాచుకునే రహస్య కీ) వాడి దగ్గర లేకపోతే సంతకం పెట్టలేడు.

జీపీజీ అంటే చాలామంది భయపడేది కింద వచ్చే హెచ్చరిక చూసి. ‘గుడ్ సిగ్నేచర్’ అని ఒక వరుస వస్తుంది, వెంటనే ‘ఈ కీ నమ్మదగినదని మీకు ఆధారం లేదు’ అన్న అర్థంలో ఇంకోటి వస్తుంది. సంతకం తప్పని కాదు దానర్థం. ఆ కీ ఫలానావాళ్లదేనని మీరు జీపీజీకి ఎప్పుడూ చెప్పలేదని. అప్పుడు చేయాల్సింది కీ ఫింగర్‌ప్రింట్ 40 అక్షరాలనూ ప్రాజెక్టు డాక్యుమెంటేషన్‌తో, వీలైతే ఇంతకు ముందే ఇన్‌స్టాల్ చేసి ఉన్న మెషీన్‌లోని కీతో పోల్చుకోవడం. కీని కూడా అదే డౌన్‌లోడ్ పేజీ నుంచి తెచ్చుకుని నమ్మేస్తే మళ్లీ మింట్ కథ దగ్గరికే వచ్చినట్టు. ఒకసారి సరిచూసిన కీని దాచుకుంటే తర్వాతి విడుదలలకు ఈ తిప్పలు ఉండవు.

ఓవీఏ మూట విప్పితే

ఇంపోర్ట్ దగ్గర నన్ను ఎక్కువమంది అడిగేది ఓవీఏ గురించే, కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను.

ఓవీఏ అనేది ఒక టార్ ఫైలు. విప్పితే లోపల ఓవీఎఫ్ ఉంటుంది, అది వీఎంకి ఎంత ర్యామ్, ఎన్ని డిస్కులు అని చెప్పే ఎక్స్ఎంఎల్. డిస్క్ ఉంటుంది, ఎక్కువగా వీఎండీకే. వాటితో పాటు డాట్ ఎంఎఫ్ అనే చిన్న టెక్స్ట్ ఫైలు, అదే మ్యానిఫెస్ట్. అందులో మూటలోని ఒక్కో ఫైలుకి ఒక్కో వరుస: ఏ పద్ధతి, ఏ ఫైలు, దాని చెక్‌సమ్ ఎంత. ఓవీఎఫ్ మొదటి తరం వాటిలో ఎక్కువగా షా-1 కనిపిస్తుంది, 2.0లో షా-256. వర్చువల్‌బాక్స్, వీఎంవేర్ ఇంపోర్ట్ చేసేటప్పుడు ఈ వరుసలను సరిచూస్తాయి.

మరి ఇంపోర్ట్ చేసే సాఫ్ట్‌వేరే చూస్తుంటే మనం విడిగా ఎందుకు చూడాలి? మ్యానిఫెస్ట్ అనేది కిరాణా మూటలో పెట్టిన చీటీ లాంటిది. దారిలో కందిపప్పు ప్యాకెట్ జారిపోతే చీటీ చూసి పట్టుకోవచ్చు. మూట విప్పి సరుకు మార్చినవాడు చీటీ కూడా తిరగరాసి పెడితే మీకు తెలియదు. డిస్క్‌లో ఏదైనా దూర్చినవాడికి ఎంఎఫ్‌లో ఒక వరుస మార్చడం ఒక లెక్క కాదు. కొన్ని అప్లయన్స్‌లలో డాట్ సర్ట్ అనే ఇంకో ఫైలు ఉంటుంది. అది మ్యానిఫెస్ట్ మీద తయారీదారు పెట్టిన సంతకం. వీఎంవేర్ సర్వర్ ప్లాట్‌ఫామ్ వీస్పియర్‌లో డిప్లాయ్ చేసేటప్పుడు పబ్లిషర్ అనే చోట కనిపించేది అదే. అది ఉండి, నమ్మదగిన సర్టిఫికెట్ అని చూపిస్తే బయటి చెక్‌సమ్ మీద అంత ఆధారపడక్కర్లేదు. లేకపోతే మ్యానిఫెస్ట్ ప్రమాదాలకే కాపలా, దొంగలకు కాదు.

ఇంకో సంగతి. మ్యానిఫెస్ట్ తప్పనిసరి కాదు. వర్చువల్‌బాక్స్‌లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు మ్యానిఫెస్ట్ రాయాలా అని ఒక టిక్కు ఉంటుంది. అది తీసేసి చేసిన ఓవీఏ ఏ చెక్ లేకుండా మౌనంగా ఇంపోర్ట్ అయిపోతుంది. ఎర్రర్ రాలేదంటే బాగుందని కాదు, అసలు చూడలేదేమో.

ఇక ఎర్రర్ వచ్చినప్పుడు నెట్‌లో దొరికే మొదటి సలహా ‘ఎంఎఫ్ ఫైలు డిలీట్ చెయ్యి’. వీఎంవేర్ ఓవీఎఫ్ టూల్‌లో అయితే మ్యానిఫెస్ట్ చెక్ వదిలేయమనే ఆప్షన్ కూడా ఉంది. ఈ సలహా కొన్నిసార్లు సరైనదే, కొన్నిసార్లు చేజేతులా గోతిలో పడటమే. తేడా ఎర్రర్‌ని చదివితే తెలుస్తుంది.

‘ఓవీఎఫ్ చెక్‌సమ్ పద్ధతి చెల్లదు, షా256’ అన్న అర్థం వచ్చే ఎర్రర్ అయితే ఫైలుకి ఏమీ కాలేదు. మీ వీస్పియర్ క్లయింట్ పాతది, దానికి షా-1 ఒక్కటే తెలుసు. కొత్త క్లయింట్ ఉంటే దానితో చేయండి, అదే మంచి దారి. లేకపోతే ఓవీఎఫ్ టూల్‌కి షా పద్ధతి షా-1 అని చెప్పి ఓవీఏని మళ్లీ రాయించుకోవచ్చు. ఇక్కడ నేను ఎంఎఫ్ తీసేయడం కంటే మార్పించడాన్నే ఇష్టపడతాను, ఎందుకంటే షా-1 అయినా దారిలో పాడైన డిస్క్‌ని పట్టిస్తుంది. కానీ ఒక క్రమం పాటించాలి: ముందు అసలు ఓవీఏని తయారీదారు ఇచ్చిన షా-256తో పోల్చుకోండి, ఆ తర్వాతే మార్చండి. మార్చాక బయటి చెక్‌సమ్ మారిపోతుంది, మళ్లీ సైట్‌లోని సంఖ్యతో పోల్చే దారి ఉండదు.

సరిపోలనిది ఓవీఎఫ్ ఫైలు వరుస అయితే మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న వేసుకోండి: నేను దాన్ని ఎడిట్ చేశానా? హార్డ్‌వేర్ వెర్షన్ 19 ఉంటే పాత హోస్ట్ ఒప్పుకోదని 13కి దించడం, దొరకని నెట్‌వర్క్ పేరు మార్చడం మనందరం చేసేదే. ఒక్క అక్షరం మారినా చెక్‌సమ్ మొత్తం మారుతుంది. మీరే మార్చారు కాబట్టి కారణం మీకు తెలుసు. ఓవీఎఫ్‌కి కొత్త చెక్‌సమ్ తీసి ఎంఎఫ్‌లో ఆ ఒక్క వరుస దిద్దండి, డిస్క్ వరుసని అలాగే ఉంచండి. మొత్తం ఎంఎఫ్ తీసేస్తే డిస్క్‌కి ఉన్న కాపలా కూడా పోతుంది. తిరిగి టార్ కట్టే శ్రమ కూడా అక్కర్లేదు. విప్పిన ఫోల్డర్‌లోంచి ఓవీఎఫ్ ఫైలుని నేరుగా ఇంపోర్ట్ చేయొచ్చు. మళ్లీ ఓవీఏగానే కావాలంటే మాత్రం టార్‌లో ఓవీఎఫ్ ఫైలే మొదట ఉండాలి. సర్ట్ ఫైలు ఉన్న అప్లయన్స్‌లో ఇలా దిద్దితే సంతకం చెల్లకుండా పోతుందని గుర్తుంచుకోండి.

సరిపోలనిది వీఎండీకే వరుస అయితే చర్చ లేదు. మీరు డిస్క్‌ని చేత్తో ఎడిట్ చేసి ఉండరు. ఎంఎఫ్ డిలీట్ చేయకండి, స్కిప్ చేయకండి, మళ్లీ దింపుకోండి. ‘స్కిప్ చేస్తే బూట్ అయింది కదా సార్’ అన్నవాళ్లకి నా డేటాబేస్ కథ చెబుతాను. బూట్‌కి కావాల్సింది డిస్క్‌లో కొంత భాగమే. చెడింది మిగతా చోట ఎక్కడైనా ఉండొచ్చు.

చూసే టూల్ ఏది

లైనక్స్‌లో షా256సమ్ ఉండనే ఉంది. సంఖ్యని కంటితో పోల్చుకోకుండా దానికి మైనస్ సి ఇచ్చి చెక్‌సమ్‌ల ఫైలునే అప్పగించండి, అదే పోల్చి ‘ఓకే’ అంటుంది. ఆ ఫైలులో పాతిక ఇమేజ్‌ల పేర్లుంటే లేనివాటిని వదిలేయమనే ఇగ్నోర్ మిస్సింగ్ ఆప్షన్ కూడా కలపండి.

విండోస్‌లో రెండు దారులు. పవర్‌షెల్‌లోని గెట్-ఫైల్‌హ్యాష్ ఏమీ చెప్పకపోతే షా-256 తీస్తుంది. పాత అలవాటు కొద్దీ చాలామంది వాడే సర్ట్‌యుటిల్ ఏమీ చెప్పకపోతే షా-1 తీస్తుంది. మ్యాక్‌లోని షాసమ్ కూడా అంతే, 256 అని చెప్పకపోతే షా-1. ఇందాక చెప్పిన 40 అక్షరాల ఫోన్లన్నీ ఇక్కడి నుంచే వస్తాయి. కమాండ్లంటే పడనివాళ్లకి సెవెన్‌జిప్ ఇన్‌స్టాల్ చేసి ఉంటే రైట్‌క్లిక్ మెనూలోనే షా-256 దొరుకుతుంది. మా ఇంట్లో తమ్ముడికి నేను చెప్పింది అదే. గెట్-ఫైల్‌హ్యాష్ పెద్ద అక్షరాల్లో చూపిస్తుంది, సైట్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది తేడా కాదు.

మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు చూసి సరిపెట్టుకునే అలవాటు నాకూ ఉంది. ప్రమాదవశాత్తూ పాడైన ఫైలుకి అది చాలు. కావాలని మార్చేవాడి విషయంలో చాలదు. ఆ ఎనిమిది అక్షరాలు కుదిరేదాకా ఫైలు చివర చెత్త మార్చుకుంటూ పోవడం మామూలు ల్యాప్‌టాప్‌కే పెద్ద పని కాదు. మొత్తం సంఖ్యని కాపీ చేసి సైట్ పేజీలో కంట్రోల్ ఎఫ్ కొట్టి వెతికితే 64 అక్షరాలూ ఒకేసారి పోల్చినట్టే.

ప్లాట్‌ఫామే చూసేచోట్ల

వీఎంలు నడిపే సర్వర్ సాఫ్ట్‌వేర్ ప్రాక్స్‌మాక్స్‌లో యూఆర్ఎల్ నుంచి దింపే విండోలో చెక్‌సమ్ పెట్టడానికి గడి ఉంది, పద్ధతి ఎంచుకునే లిస్ట్ కూడా ఉంది. ల్యాప్‌టాప్‌కి దింపి, చూసి, మళ్లీ సర్వర్‌కి ఎక్కించడం కంటే ఇది ఎంతో మేలు. ఎందుకంటే ఫైలు చివరికి ఎక్కడ ఉండబోతుందో అక్కడే సరిచూస్తుంది. వీఎం ఇమేజ్‌లు తయారుచేసే ప్యాకర్ అనే టూల్ ఐఎస్ఓ చెక్‌సమ్ రాయనిదే కదలదు. ‘నన్’ అని రాసి తప్పించుకోవచ్చు, అలా రాసిన టెంప్లేట్ నా దగ్గరికి రివ్యూకి వస్తే వెనక్కి పంపుతాను. సంఖ్య బదులు చెక్‌సమ్‌ల ఫైలు యూఆర్ఎల్ ఇస్తే అదే తెచ్చుకుంటుంది. సౌకర్యమే కానీ, ఆ రోజు సైట్‌లో ఏది ఉంటే దాన్నే నమ్మినట్టు. సంఖ్యని టెంప్లేట్‌లో రాసి గిట్‌లో పెడితే ఎవరు ఎప్పుడు మార్చారో కనిపిస్తుంది. ఆఫీసుకి ఇదే ఎంచుకుంటాను.

ఓపెన్‌స్టాక్ క్లౌడ్‌లో ఇమేజ్‌లు దాచే గ్లాన్స్‌లో పాత చెక్‌సమ్ గడిలో ఉండేది ఎండీ5. 2018లో వచ్చిన రాకీ విడుదల నుంచి దాని పక్కన ఇంకో హ్యాష్ (ఇలాంటి చెక్‌సమ్‌కే ఇంకో పేరు) గడి వచ్చింది, అందులో మామూలుగా ఉండేది షా-512. అయితే గ్లాన్స్ లెక్క కట్టేది తనకి అందిన ఫైలుకే. మీరు పాడైన ఇమేజ్ ఇస్తే ఆ పాడైనదానికే చక్కగా షా-512 రాసి పెట్టుకుంటుంది. మీరు ఇచ్చే ముందు తీసిన సంఖ్యతో దాన్ని పోలిస్తేనే ఉపయోగం.

అమెజాన్ క్లౌడ్‌కి ఇంపోర్ట్ చేయడానికి దాని స్టోరేజ్ ఎస్3లో పెట్టేవాళ్లు, అక్కడ ఫైలు పక్కన కనిపించే ఈట్యాగ్‌ని చూసి ఎండీ5 అనుకుంటారు. చిన్న ఫైలుకి సాధారణంగా అంతే. పెద్ద ఇమేజ్ ముక్కలుగా ఎక్కుతుంది, అప్పుడు ఈట్యాగ్ చివర ఒక గీత, ముక్కల సంఖ్య వస్తాయి. అది మొత్తం ఫైలు ఎండీ5 కాదు, దానితో పోల్చి టెన్షన్ పడకండి. 2022 నుంచి ఎస్3లో విడిగా షా-256 అడిగే వీలు ఉంది. అక్కడా ముక్కల వారీ లెక్క ఉంటుందని గమనించుకోండి.

నిజానికి తప్పు లేకుండానే సరిపోలని సందర్భాలు

కాలి లైనక్స్ వీఎం సెవెన్‌జెడ్ రూపంలో వస్తుంది. ప్రకటించిన సంఖ్య ఆ సెవెన్‌జెడ్‌ది, విప్పాక వచ్చే వీఎండీకేది కాదు. ఎక్స్‌జెడ్, జీజెడ్ ఇమేజ్‌లూ అంతే. విప్పే ముందే చూడాలి.

క్యూకౌ2ని (ఇది క్యూఈఎంయూ అనే వీఎం సాఫ్ట్‌వేర్ డిస్క్ ఫార్మాట్) వీఎండీకేగా మారిస్తే లోపలి డేటా అదే అయినా ఫైలు వేరు, చెక్‌సమ్ వేరు. మార్పిడి సరిగ్గా జరిగిందో లేదో తెలియాలంటే క్యూఈఎంయూ-ఐఎంజీలోని కంపేర్ వాడండి, అది రెండు డిస్కుల లోపలి డేటాని పోలుస్తుంది. అందులోనే ఉన్న చెక్ అనే కమాండ్ ఇమేజ్ లోపలి పట్టికలు సరిగ్గా ఉన్నాయా అనే చూస్తుంది. మీ డేటా గురించి దానికేమీ తెలియదు. పేరు చూసి మోసపోయేవాళ్లు ఎక్కువ.

ఒకసారి బూట్ చేశారంటే అంతే సంగతులు, లాగ్ ఫైలు రాసినా డిస్క్ మారిపోతుంది. రోజూ కొత్తగా తయారయ్యే క్లౌడ్ ఇమేజ్‌లతో ఇంకో తలనొప్పి: ‘కరెంట్’ అనే ఫోల్డర్ నుంచి రాత్రి ఇమేజ్ దింపి, పొద్దున చెక్‌సమ్ ఫైలు దింపితే ఈలోపు లోపలిది మారిపోయి ఉండొచ్చు. తేదీ పేరుతో ఉన్న ఫోల్డర్ నుంచి రెండూ ఒకేసారి తీసుకోండి.

ఇవేవీ కాకపోయినా సరిపోలకపోతే వెంటనే మళ్లీ దింపడం మొదలుపెట్టకండి. అదే ఫైలుకి ఇంకోసారి చెక్‌సమ్ తీయండి. రెండుసార్లూ ఒకే తప్పు సంఖ్య వస్తే ఫైలే పాడైంది, లేదా మీ దగ్గరున్నది వేరే వెర్షన్. దింపుకోండి, ఈసారి వేరే మిర్రర్ నుంచి. రెండుసార్లు తీస్తే రెండు వేర్వేరు సంఖ్యలు వస్తే ఎన్నిసార్లు దింపినా లాభం లేదు. యూఎస్‌బీ కేబులో, డిస్కో, ర్యామో చెడింది. ఫైలుని వేరే డిస్క్ మీదికి కాపీ చేసి చూడండి, అక్కడా సంఖ్య మారుతూనే ఉంటే రాత్రికి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ పెట్టి పడుకోండి. పోయినేడాది మా ఆఫీసులో ఒక ల్యాప్‌టాప్ ‘నెట్ బాలేదు, ఫైలు సరిగ్గా దిగడం లేదు’ అంటూ వారం రోజులు నా డెస్క్ మీద కూర్చుంది. నెట్ బాగానే ఉంది. పొద్దున్నే వచ్చి చూసేసరికి మెమ్‌టెస్ట్ స్క్రీన్ నిండా ఎర్ర వరుసలు.